క్షేత్ర పరికరాల మెమరీకి దోష పరీక్ష

వరి వంగడం అగ్గితెగులును తట్టుకుంటుందో లేదో తెలుసుకోవడానికి తెగులు దానంతట అది వచ్చేవరకు శాస్త్రవేత్తలు వేచి ఉండరు. పరీక్ష నారుమడి చుట్టూ తెగులు సులభంగా సోకే రకాన్ని పెంచి, తెగులును కావాలనే కలిగించి, ఏది నిలుస్తుందో చూస్తారు. నేల తేమను బట్టి నీరు వదిలే స్వయంచాలిత డ్రిప్ నియంత్రణ పరికరాల వంటి వాటికీ ఇటువంటి పరీక్షే ఉంది. మెమరీలో ఉద్దేశపూర్వకంగా దోషాన్ని ప్రవేశపెట్టి, పరికరం ప్రవర్తనను గమనించడమే ఆ పరీక్ష.

మెమరీలో ప్రతి సంఖ్యా సున్నాలు, ఒకట్ల వరుసగా నిల్వ ఉంటుంది. ఒక్కొక్క స్థానం ఒక బిట్. కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లు, విద్యుత్ సరఫరాలోని ఒడిదుడుకులు బిట్‌ను తారుమారు చేయవచ్చు. చిప్ చెడదు, అందులోని విలువ మాత్రమే మారుతుంది. 2003లో బెల్జియంలోని స్కార్‌బేక్‌లో జరిగిన ఎన్నికల లెక్కింపులో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అదనంగా నమోదయ్యాయి. అది సరిగ్గా ఒక బిట్ విలువ. రావడానికి వీలున్న ఓట్లను మించిపోవడం వల్ల ఆ పొరపాటు బయటపడింది.

పొలంలో పొరపాటు అంత తేలికగా బయటపడదు. ఉదాహరణకు, ఎర్రనేలలో తేమ 15 శాతానికి తగ్గితే నీరు వదలాలని పరికరంలో నిర్దేశించారనుకుందాం. మెమరీలో ఆ హద్దు 00001111. ఇందులో 8 విలువగల బిట్ మారితే 00000111, అంటే 7 అవుతుంది. తేమ కొలత తప్పినా తదుపరి కొలతతో సరిపడుతుంది. హద్దు తప్పితే ఎవరైనా సరిచేసేవరకు అలాగే ఉంటుంది. సెన్సార్ సరైన అంకెలనే చూపుతుంది, కానీ నీరు పారదు, పైరు వాడిపోతుంది.

దీనికి రక్షణ మార్గాలున్నాయి. 1950లో రిచర్డ్ హామింగ్ దోషాలను సరిదిద్దే సంకేత పద్ధతిని ప్రచురించారు. దాని ఆధారంగా 64 దత్తాంశ బిట్లకు 8 తనిఖీ బిట్లు చేర్చితే, ఒక బిట్ తప్పును సరిదిద్దవచ్చు, రెండు బిట్ల తప్పును గుర్తించవచ్చు. ఈ సౌకర్యం లేని చిప్‌లలో ముఖ్యమైన విలువను మూడుచోట్ల దాచి, రెండింటిలో ఏకీభవించిన విలువను స్వీకరించవచ్చు.

అయితే సహజ దోషాలు అరుదు కనుక సాధారణ వాడకంలో ఈ రక్షణకు పని పడదు. అది పనిచేస్తుందో లేదో తెలియాలంటే దోషాన్ని మనమే కలిగించాలి. డీబగ్గర్ ద్వారా నడుస్తున్న పరికరంలో బిట్‌ను మార్చవచ్చు. కొన్ని మెమరీ నియంత్రికలలో ఇందుకు ప్రత్యేక సదుపాయం ఉంటుంది. ప్రత్యేక ప్రయోగశాలల్లో న్యూట్రాన్ పుంజాన్నీ ప్రసరింపజేస్తారు.

ప్రతి దోషానికీ ఫలితాన్ని నమోదు చేయాలి: సరిదిద్దుకుందా, గుర్తించి హెచ్చరించిందా, ఆగిపోయిందా, లేక తెలియకుండా తప్పు ఫలితమిచ్చిందా? వీటిలో చివరిదే అత్యంత ప్రమాదకరం. ఆగిన పరికరాన్ని రైతు గమనించగలడు. తప్పుచేస్తూ నడిచేదాన్ని నమ్ముతూనే ఉంటాడు. కాబట్టి ఒక పరికరాన్ని సిఫారసు చేసేముందు విస్తరణ శాస్త్రవేత్తలు దాని కొలతల ఖచ్చితత్వంతోపాటు దోష పరీక్షల ఫలితాలనూ తయారీదారు నుంచి కోరడం అవసరం.