పసుపు మెరుపును చూచి మోసపోవద్దు

గత మాఘమాసములో ఒక గృహిణి, మూడేండ్ల బిడ్డకు దగ్గు తగ్గుటకు మందు కొరకు మా వైద్యశాలకు వచ్చినది. పాలలో కలుపుటకు పసుపు తెచ్చితిరా అని అడుగగా పొట్లము విప్పినది. చేమంతి రేకుల వలె మెరయుచున్న పొడి! "రంగు చూసి కొనమని పోయినేడు మీరే చెప్పారు గదా అయ్యగారూ" అన్నది. నిజమే. నలుబది ఏండ్లుగా ఎందరికో అదే మాట చెప్పియున్నాను. ఆ మాటను వెనుకకు తీసుకొనుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

బంగ్లాదేశ్‌లో జరిగిన పరిశోధన నా కన్నులు తెరపించినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెన్నా ఫోర్సిత్, ఢాకాలోని పరిశోధకులు కలిసి అక్కడి పల్లెలలో 430 మంది గర్భిణుల రక్తమును పరీక్షింపగా, 31 శాతము మందిలో సీసము డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములకు మించియున్నది. పల్లెటూరి స్త్రీల దేహములోనికి ఇంత సీసము ఎట్లు చేరినది? మట్టి, బియ్యము, పురుగుమందులు, ఆహారపు డబ్బాల టంకము, అన్నిటినీ అనుమానించినారు. సీసములో ఐసోటోపులనెడి భేదములు గలవు. వాని పాళ్ళు గనిని బట్టి మారును గనుక అవి ఆ సీసమునకు వ్రేలిముద్రల వంటివి. గర్భిణుల రక్తములోని ముద్ర వంటింటి పసుపులోని ముద్రతో సరిపోయినట్లు 2019లో ప్రకటించినారు.

పసుపులో సీసము భూమి నుండి వచ్చినది కాదు. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను పాలిష్ చేయునప్పుడు లెడ్ క్రోమేట్ అను రంగుపొడిని చల్లుచున్నారు. సామానులకు, బండ్లకు వేసెడి పచ్చరంగు పెయింటులో వాడునది ఇదే. 1980ల నాటి వరదలలో తడిసి పంట కళ తప్పగా, అమ్ముకొనుటకు ఈ ఉపాయము పుట్టినదట. తరువాత వరద లేని ఏడు కూడ ఆగలేదు, మెరుపునకు జనము అలవాటు పడినారు గనుక. ఇక్కడ వర్తకునితోపాటు నా వంటి సలహాదారుడు కూడ దోషియే.

ఇది పొరుగువారి గొడవ అని ఊరుకొనుటకు వీలులేదు. భారత, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంక దేశములలోని 23 నగరముల నుండి సేకరించిన పసుపును పరీక్షించి 2024లో ఫలితములు వెల్లడించినారు. సుమారు 14 శాతము నమూనాలలో సీసము గ్రాముకు 2 మైక్రోగ్రాములు దాటినది. పాట్నాలో లభించిన ఒక నమూనాలో 2,274! మన దేశములో అనుమతించిన పరిమితి 10 మాత్రమే. దుగ్గిరాల, నిజామాబాదు మార్కెట్ల పేరు చెప్పుకొని గర్వించు మనకు ఈ లెక్క చిన్నది కాదు.

హరిద్రకు కాంచని, వరవర్ణిని అను పేర్లు గలవు. రెండును రంగును పొగడునవే. అయినను మా గురువుగారు కొమ్మును చేతికిచ్చి, "విరిచి చూడు, వాసన చూడు, నమిలి చూడు" అనేవారు. పైరంగు మాట ఎత్తేవారు కాదు. నేనే మరచితిని.

సీసము మన రసశాస్త్రమునకు క్రొత్తది కాదు, నాగమని పేరు. శోధన లేని నాగము విషమనియే మేము చదువుకొన్నాము. ఆ మాటకు వచ్చిన, ఇంటర్నెట్‌లో అమ్ముచున్న 193 ఆయుర్వేద మందులను పరీక్షించి, అయిదింట ఒక వంతులో సీసము, పాదరసము, పాషాణము ఉన్నవని 2008లో అమెరికా వైద్యులు ప్రకటించినారు. పసుపు వర్తకుని నిందించునప్పుడు మా ఇంటి సంగతి దాచుట న్యాయము కాదు.

బంగ్లాదేశ్ ప్రభుత్వము మాత్రము ఊరుకొనలేదు. 2019లో పత్రికలలో హెచ్చరికలు వేసి, టోకు బజారులో ఎక్స్‌రే పరికరములతో తనిఖీ చేసి, వర్తకులకు జరిమానా విధించినది. ఆ ఏడు 47 శాతము నమూనాలలో కనబడిన సీసము 2021 నాటికి ఒక్కదానిలోను లేదు. పసుపు మిల్లు పనివారి రక్తములో కూడ తగ్గినది. రెండేండ్లలో ఇంత మార్పు నేను ఊహింపలేదు.

ఇక మన వంటింటి సంగతి. పొడి కంటె కొమ్ములు కొనుట మేలు. పైన గోధుమ వన్నె కలిసి మసకగా, కొంచెము మట్టివాసనతో ఉన్న కొమ్ము చూచి వెనుదీయవద్దు. విరిచిన లోపల నారింజ చాయ గాఢముగా ఉండి, ఘాటుగా వాసన రావలెను. పైన ఒకటే పచ్చగా మెరసి, చేతికి రంగుపొడి అంటుకొనునది వద్దు. ఎరిగిన మరలో ఆడించుకొనుడు. ఎంత ఉడికించినను లోహము పోదు. నీళ్ళలో వేసి చూచు ఇంటి చిట్కాలతో సీసము నిర్ధారణ కాదు. దానికి ప్రయోగశాలయే శరణ్యము.

మెరిసే పొడిని చాలకాలము వాడిన గర్భిణులు, చిన్నపిల్లల తల్లులు ఒకసారి రక్తములో సీసము పరీక్ష చేయించవలెనని నా కోరిక. సీసము తల్లి నుండి గర్భస్థ శిశువునకు చేరును, పిల్లల మెదడును దెబ్బతీయును. ఇనుము, కాల్షియము లోపించిన దేహము దానిని ఎక్కువగా గ్రహించును గనుక ఆకుకూరలు, రాగులు, పాలు, పెరుగు మానవద్దు. కాని పరీక్షలో సీసము హెచ్చుగా ఉన్నచో నా దగ్గరకు రావద్దు, ఆసుపత్రికి వెళ్ళుడు. రక్తములోని సీసమును బయటకు లాగు మూలిక నా సంచిలో లేదు. ఆ గృహిణికి కూడ ఇదే చెప్పి, పొట్లమును వైద్యశాలలోనే ఉంచుకొని, బిడ్డకు పరీక్ష వ్రాసి ఇచ్చి పంపితిని.