గండి అంచున భయము

కడప జిల్లావారికి 'గండి' యను మాట రెండు విధముల పరిచితము. చెరువుకట్ట తెగినను గండియే. నది కొండను కోసికొని పోయినను గండియే. ఈ రెండవ అర్థమున జిల్లాలో పేరెన్నికగన్న తావులు రెండు గలవు. వేంపల్లె చేరువను పాపఘ్ని నది కొండలను చీల్చుకొని వెలువడు చోటు మొదటిది. అచ్చట వీరాంజనేయస్వామి వెలసియున్నాడు. శ్రీరామునికి స్వాగతముగా వాయుదేవుడు ఆ రెండు కొండలకు నడుమ బంగారు తోరణము కట్టెనని స్థలపురాణము. జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న గండికోట రెండవది. అచ్చట పెన్న ఎఱ్ఱమల కొండలను సుమారు 300 అడుగుల లోతున కోసికొని పోయినది. కోటకు ఆ పేరు వచ్చినది ఈ గండివలననే.

మొదటి గండిలో యాత్రికుడు ఏటి యొడ్డున నిలిచి కొండలను పైకి చూచును. రెండవ గండిలో కొండకొమ్మున నిలిచి ఏటిని క్రిందికి చూచును. రెండుచోట్లను ఉన్నది ఎత్తే. కాని మొదటిచోట చాలమందికి కలుగునది అబ్బురము. రెండవచోట కలుగునది గుండెదడ. కనుక మనలను భయపెట్టునది ఎత్తు మాత్రమే కాదు. మనము నిలిచిన చోటు, మన కన్ను చూచు దిక్కు, మన మనస్సు చేయు ఊహ, ఈ మూడును కలసిననే భయమగుచున్నది. ఈ భయము పుట్టుటెట్లు, దానిని తగ్గించుకొనుటెట్లు అనునదే నేటి ప్రసంగమునకు విషయము.

గండికోటకు పోయిన బృందమును ఒకదానిని గమనింపుడు. మాధవరాయస్వామి ఆలయమును, జామియా మసీదును, ధాన్యాగారమును అందరును కలసియే చూతురు. లోయ వైపునకు అడుగులు పడగానే వారిలో ఒకరు వెనుకబడుదురు. 'ఎండగా నున్నది, మీరు పోయి రండి' అని ధాన్యాగారపు నీడన కూర్చుందురు. ఎండ మాట నెపము. కాళ్ళలో వణకు, అరచేతులలో చెమట, కడుపులో తిప్పు, లోయ తన్ను లాగుచున్నట్లు భ్రాంతి, ఇవి అసలు కారణములు. చెప్పుకొనిన నవ్వుదురని వారు చెప్పుకొనరు.

వారు సిగ్గుపడవలసిన పని లేదు. గండికోట మార్గము వజ్రవర్తకుల గుండెలను సైతము అదరగొట్టినది. 1652వ సంవత్సరమున మీర్ జుమ్లాను కలిసికొనుటకు ఈ కోటకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, కొండను తొలిచి వేసిన ఆ త్రోవ కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పు మాత్రమే యున్నదనియు, దాని ప్రక్కన ఘోరమైన అగాధము, అడుగున పెద్ద నది యున్నవనియు తన యాత్రాగ్రంథమున వ్రాసికొనెను. జర్మనీలో జరిగి 2013లో వెలువడిన ఒక పరిశీలనలో, ఎత్తైన తావులలో ఎప్పుడో యొకప్పుడు ఇట్టి బాధ పడినవారు నూటికి 28 మంది వరకు తేలిరి. నిత్యజీవనమునకు అడ్డువచ్చునంతటి తీవ్రభయము గలవారు అంతకంటె చాల తక్కువ. నూటికి ఇంచుమించు ఐదుగురు.

ఈ భయమునకు మూలము కొంత దేహములో నున్నది. మనము కదలక నిలిచితిమనుకొనినప్పుడు సైతము మన శరీరము లేశమాత్రము ఊగుచునే యుండును. ఆ ఊపును కనిపెట్టి సరిదిద్దుటకు మూడు సాధనములు గలవు: కన్ను, లోపలి చెవి, పాదముల స్పర్శ. ఎదుట గోడయో చెట్టో యున్నయెడల, మన తల ఊగినప్పుడు అదియును కంటికి రవంత జరిగినట్లు తోచును. ఆ జరుగుటను బట్టి మెదడు దేహమును నిలుపును. గండి అంచున నిలిచిన వానికి దగ్గరి వస్తువేదియు లేదు. ఆవలి గట్టు చాల దూరము. ఏటి నీరు చాల లోతు. తల ఊగినను అవి జరిగినట్లు కనబడవు. కంటి సాక్ష్యము చాలకపోగా, చెవి, పాదము చెప్పుచున్న మాట ఒకటి, కన్ను చెప్పుచున్న మాట మరియొకటి యగును. అప్పుడు తూలుడు పుట్టును. ఇది పిరికితనము కాదు. దేహయంత్రము పనిచేయు పద్ధతి. ఎత్తైన గోపురము క్రింద నిలిచి, కదలు మేఘములకెదురుగా దాని శిఖరమును చూచునపుడు తల తిరుగుటకును కారణమిట్టిదే.

రెండవ మూలము మనస్సులో నున్నది. తూలుడు కలుగగానే మనస్సు, 'పడిపోవుదును' అని తీర్పు చెప్పును. ఆ తీర్పు విని గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగిసికొనును. బిగిసిన దేహము మరింత అస్థిరముగా తోచును. అది చూచి మనస్సు, 'నేననినంతయు నిజమైనది' అనుకొనును. ఈ విధముగ భయము తన్ను తానే పోషించుకొనును.

లోతునెడల జంకు శైశవముననే కనబడును. 1960లో ఎలియనోర్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అను మనస్తత్త్వవేత్తలు అమెరికాలో చేసిన ప్రయోగము ప్రసిద్ధము. బల్లపై దళసరి గాజుపలకను పరచి, ఒకవైపు గాజునకు ఆనుకొనియే గళ్ళగుడ్డను, రెండవవైపు ఆ గుడ్డనే చాల లోతునను అమర్చిరి. ఆరు మాసములు మొదలు పదునాలుగు మాసముల వరకు వయస్సు గల 36 మంది పసిబిడ్డలను నడుమ కూర్చుండబెట్టి తల్లులచే పిలిపించిరి. లోతులేని వైపునకు 27 మంది ప్రాకిపోయిరి. లోతు కనబడు వైపునకు పోయినవారు ముగ్గురు మాత్రమే. అయితే ఈ జంకు ప్రాకనేర్చిన అనుభవముతో బలపడునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. అనుభవముచే బలపడు దానిని అనుభవముచేతనే సడలింపవచ్చునని మనకు ఆశ కలుగుచున్నది.

ఇక భయము ముదురుటెట్లో చూతము. అంచు సమీపింపగానే దడ పుట్టినది, వెనుదిరిగితిమి, దడ తగ్గినది. 'తిరిగి వచ్చితిని కనుకనే బ్రదికితిని' అని మనస్సు పాఠము నేర్చుకొనును. మరుసటిమారు ఇంకను దూరమునుండియే తిరుగును. నేడు గండికోట, రేపు వంతెన, ఎల్లుండి రెండవ అంతస్తు. ఈ విధముగ లోకము కుంచించుకొనిపోవును. యాత్ర మానుకొనినవానికి కలుగు నష్టము స్వల్పమే. కాని కట్టడపు సారువపై నిలువవలసిన తాపీపనివానికి, స్తంభమెక్కవలసిన కరెంటు పనివానికి, తాటిచెట్టెక్కు గీతకార్మికునికి, ఈ భయము కూటికే అడ్డుపడును. వైద్యుని గది నాలుగవ అంతస్తున నున్నదని చికిత్సయే మానుకొనువారికి ప్రాణమునకే ముప్పు.

దీనికి విరుగుడు మెట్లవారీగా అలవాటు చేసికొనుట. ఇది మన పల్లెలకు క్రొత్త కాదు. దిగుడుబావులలో ఈత నేర్పు పెద్దలు చేసినదిదియే. పిల్లవాని నడుమునకు బెండు కట్టి, నీటిని తాకు చిట్టచివరి మెట్టుపై నిలిపి, 'ఏమీ కాదులే నాయనా, నేనున్నాను, దూకు' అనెడివారు. ఆ మెట్టు అలవాటైన పిదప దానిపై మెట్టు. కొన్ని దినములకు గట్టు. తొలిదినముననే గట్టుపైనుండి త్రోయబడిన పిల్లవాడు కొన్నియేండ్లు బావి వైపునకే పోడు. మెట్లను ఎక్కినవాడు వేసవి ముగియకముందే గట్టుపైనుండి కేరింతలు కొట్టుచు దూకును.

జర్మను మహాకవి గేటే 1770లో స్ట్రాస్‌బర్గు నగరమున చదువుకొనుచున్నప్పుడు తల తిరుగు బాధకు లోనైయుండి, తనకు తానే చికిత్స చేసికొనెను. ఆ నగరపు పెద్ద చర్చి గోపురమెక్కి, శిఖరము క్రింద కొంతసేపు కూర్చుండి, పిమ్మట కటకటాలు లేని చిన్న పలకపై అడుగిడెడివాడట. పలుమారులట్లు చేయగా బాధ తొలగెననియు, కొండలపై సంచరించుటకు ఆ సాధన ఉపకరించెననియు ఆత్మకథలో చెప్పుకొనెను. ఆయన ధైర్యము మెచ్చదగినదే; కటకటాలు లేని చోటు మాత్రము అనుకరింపదగినది కాదు. 1958లో జోసఫ్ వోల్పె అను వైద్యుడు ఈ మార్గమును శాస్త్రీయముగ క్రమపరచి గ్రంథము వెలువరించెను. భయమును తక్కువనుండి ఎక్కువకు వరుసగా పేర్చి, దేహమును సడలించుకొనుచు ఒక్కొక్కదానిని ఎదుర్కొనుటయే ఆయన పద్ధతి.

దానిని మనవారికి అనువుగా చెప్పుదుము. మొదటి దినములలో గండికోట లోయ చిత్రమును ఎదుట పెట్టుకొని దడ తగ్గువరకు చూడవలెను. తరువాత మిద్దెపై పిట్టగోడకు పది అడుగుల దూరమున నిలువవలెను. అది అలవాటైనచో ఐదు అడుగులు. ఆపై గోడను పట్టుకొని వీధిలోనికి చూచుట. పిమ్మట రెండంతస్తుల మేడ, వంతెన కాలిబాట. ఇవియన్నియు అయిన తరువాతనే గండికోట. అచ్చటను మొదట అంచునకు ఏబది అడుగుల దూరమున కూర్చుండవలెను.

ప్రతి మెట్టునందును మూడు నియమములు పాటింపవలెను. దడ పుట్టగానే పారిపోక, అది తనంత తాను తగ్గువరకు నిలువవలెను. ఇందుకు ఒక్కొక్కప్పుడు అరగంటయు పట్టవచ్చును. దడ పూర్తిగ పోవలెనని పట్టుపట్టరాదు. 'దడ యున్నను నాకేమియు కాలేదు' అని తెలిసికొనుటయే ఫలము. ఒకేచోట గాక పలుచోట్ల, పలుమారులు సాధన చేయవలెను. లేనిచో ధైర్యము ఆ చోటికే పరిమితమగును. తోడు వచ్చువారు పరిహసింపరాదు, చేయిపట్టి లాగరాదు. సడిలేక ప్రక్కన నిలిచిన చాలును.

దేహమునకును కొంత సాయము చేయవచ్చును. లోతునే చూడక, గోడయో బండయో కంటికొసలో ఉండునట్లు నిలువవలెను. స్థిరమైనదానిని ఆనుకొనవలెను, లేదా కూర్చుండవలెను. అంచున నిలిచి కదలు మేఘములను చూడరాదు. నిట్టూర్పువలె శ్వాసను మెల్లగ విడువవలెను.

ఒక హెచ్చరిక చేయక ముందునకు సాగరాదు. భయము పోగొట్టుకొనుట వేరు, జాగ్రత్త పోగొట్టుకొనుట వేరు. గండికోట అంచున బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండి, నడుమ నెఱ్ఱెలు కలిగియున్నవి. వాన కురిసిన బండ జారును. గాలి హఠాత్తుగ వీచును. చేతిలోని ఫోనుతో చిత్రము తీసికొనుచు వెనుకకు అడుగువేయువానికి భయము లేకపోవుట గుణము కాదు, లోపమే. అచ్చట జంకు మనకు మిత్రుడు. సాధన యంతయు సురక్షితమైన చోటనే చేయవలెను. అంచునకు పోవుట సాధనలో భాగము కాదు. నిజమైన అపాయమున భయపడుటయు, అపాయము లేనిచోట నిలువగలుగుటయు, ఈ రెండును కలిగినవాడే ధీరుడు.

మెట్లవారీ సాధన ఎంతవరకు తీసికొనిపోగలదో మన తెలుగు పిల్లలే నిరూపించిరి. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లు నిండకముందే, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో కూడ ఎవరెస్టు శిఖరమునెక్కెను. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులైన వారు మొట్టమొదట ఎక్కినది హిమాలయము కాదు, భువనగిరి బండ. అటుపిమ్మట డార్జిలింగు శిక్షణ, లదాఖు మంచు, చివరకు ఎవరెస్టు. ప్రతి మెట్టునందును త్రాడు, గురువు, క్రమము ఉండెను.

భయము తీవ్రమై బ్రదుకునకు అడ్డమగుచున్నచో మానసిక వైద్యుని చూచుటకు సంకోచింపరాదు. ఎత్తైన ప్రదేశములను కంటియెదుట కల్పించి చూపు యంత్రములును ఇప్పుడు చికిత్సకు వచ్చినవి. 1995లో అమెరికాలో ఇట్టి చికిత్స ఫలించినట్లు ప్రకటితమయ్యెను. 2018లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు నూరుగురు వ్యక్తులతో జరిపిన పరీక్షలో, ఈ చికిత్స పొందినవారి భయము సగటున మూడింట రెండు పాళ్ళు తగ్గినది. తల తిరుగుట ఎత్తైన చోట మాత్రమే గాక సమతలమునను కలుగుచున్నయెడల, అది చెవి జబ్బో మరియొకటో కావచ్చును. ముందుగా దేహపరీక్ష చేయించుకొనుట మేలు.

పెన్న ఆ కొండను ఒక్క వరదలో కోయలేదు. యుగయుగములు, ఇసుకతో నీటితో, కొంచెము కొంచెముగ కోసినది. మనస్సులోని భయమును సైతము అదే విధమున తొలగించుకొనవలెను. ఈసారి గండికోటకు పోయినప్పుడు మీ బృందములో నొకరు ధాన్యాగారపు నీడన ఆగిపోయినచో నవ్వకుడు. వారి ప్రక్కన కొంతసేపు కూర్చుండుడు. వారు లేచి పది అడుగులు ముందుకు వచ్చినచో ఆనాటికి అదే చాలును.