పాత నగ ఇచ్చి కొత్త నగ తీసుకునేటప్పుడు

మిరప సొమ్ము చేతికందే వేసవి నెలల్లో గుంటూరు లాలాపేట, పట్నంబజారు వీధులు కొనుగోలుదారులతో నిండిపోతాయి. పెండ్లిండ్ల సామాను కొనే రోజులు కూడా అవే. అత్తరు సీసా, గదికి తెరలు, గోడకు ఆయతుల్ కుర్సీ పటం వంటివి ఎంచడంలో కొంత అటూ ఇటూ అయినా నష్టం స్వల్పమే. బంగారం విషయం అలా కాదు.

కొత్త నగపై మూడు గుర్తులు చూడాలి: భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర, స్వచ్ఛతను తెలిపే అంకె, ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుండి ఈ హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మరాదు. 22 కారట్ల నగకు 916 అని ఉంటుంది, అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి. బీఐఎస్ కేర్ యాప్‌లో హెచ్‌యూఐడీ నమోదు చేసి సరిచూసుకోవచ్చు. రాళ్లు పొదిగిన నగైతే రాళ్ల బరువు తీసివేసిన తరువాతనే బంగారానికి ధర కట్టించుకోవాలి.

అసలు చిక్కు పాత నగ మార్పిడిలో ఉంది. ఒక ఇల్లాలు 5 కాసుల గొలుసు, అంటే 40 గ్రాములు, కాటాలో పెట్టిందనుకుందాం. వర్తకుడు తరుగు, మజూరీ అన్నీ అందులోనే సర్దుకొని 34 గ్రాముల హారం ఇస్తాడు. దేనికెంత పోయిందో ఆమెకు తెలియదు. ధర్మం దృష్టిలోనూ ఇది తేలికైన విషయం కాదు. బంగారానికి బంగారం సమాన తూకంతో, అక్కడికక్కడే చేతులు మారాలన్నది దైవప్రవక్త (సఅసం) ఆదేశం. హెచ్చుతగ్గులు వడ్డీ అవుతాయి. హజ్రత్ బిలాల్ (రజి) రెండు కొలతల నాసిరకం ఖర్జూరాలిచ్చి ఒక కొలత మేలురకం తెచ్చినప్పుడు ప్రవక్త (సఅసం) వారించి, ముందు వాటిని అమ్మి ఆ సొమ్ముతో మంచివి కొనమని దారి చూపారు. నగ పనితనానికి అదనంగా విలువ కట్టవచ్చన్న పండితులు లేకపోలేదు. అధిక సంఖ్యాకులు మాత్రం దానిని అంగీకరించలేదు. వారి మాట పాటించడమే క్షేమమని నా అభిప్రాయం.

కనుక పాత నగను మొదట అమ్మి, సొమ్ము చేతికి తీసుకోవాలి. ఆ పైనే కొత్తది బేరమాడాలి. అదే దుకాణంలో కొనాలన్న షరతుకు లోబడకూడదు. ఇందులో లోకప్రయోజనమూ ఉంది: పాత బంగారానికి ఎంత ధర పలికిందో విడిగా తెలుస్తుంది, నచ్చకపోతే పక్క దుకాణంలో అడగవచ్చు. కారట్ మీటరుపై పరీక్ష మన ఎదుటే జరగాలి. కొత్త నగ బిల్లులో నికర బరువు, గ్రాము ధర, మజూరీ వేర్వేరుగా రాయించుకోవాలి. “మన వాళ్లే కదా, చీటీ ఎందుకు?” అనే మొహమాటం మన ఇళ్లలో ఎక్కువ. అప్పులను రాసుకోమని ఖుర్ఆన్ ఆదేశించిన సమాజానికి ఈ మొహమాటం తగదు.

మరొక మాట. ఆ గొలుసు మహర్‌గా వచ్చినదైతే అది భార్య సొత్తు. భర్త గానీ, అత్తమామలు గానీ ఆమె మనస్ఫూర్తి అంగీకారం లేకుండా దానిని అమ్మరాదు, మార్చరాదు. అమ్మిన చీటీ మీద, కొన్న బిల్లు మీద ఆమె పేరే రాయించాలి.