మీకు తెలుసా? ఆగుమన్న ఆజ్ఞయు ఒక ఎర్రరే

పైథాన్‌లోని అసింక్‌ఐఓ లైబ్రరీలో పెక్కు టాస్కులు ఒకే థ్రెడ్‌పై, తమంతట తామే ఆగి పరస్పరము వంతు నిచ్చుకొనుచు సాగును. వానిలో ఒకదానిని నడుమ నిలుపుటకై దానిలోనికి పంపబడు ‘క్యాన్సిల్డ్‌ఎర్రర్’, 2019లో వెలువడిన 3.8వ వెర్షనునకు పూర్వము సామాన్యమగు ‘ఎక్సెప్షన్’ వర్గములోనిదే యగుటచే, ప్రోగ్రామరు వ్రాసిన ‘ఎక్సెప్ట్ ఎక్సెప్షన్’ అను ఒక్క పంక్తి దానిని మ్రింగివేయగా, ఆగవలసిన టాస్కు ఆగక సాగెడిది. ఆ వెర్షనులో ఈ ఎర్రరును ‘ఎక్సెప్ట్ ఎక్సెప్షన్’ పట్టజాలని ‘బేస్‌ఎక్సెప్షన్’ క్రిందికి మార్చిరి. మిక్కిలి ఉచితమైన పని. ఇట్టిదే యగు మరియొక పైథాన్ లైబ్రరీ ట్రియో ఎర్రరుల నడుమ నొనర్చిన భేదము ఇంకను సూక్ష్మము: టాస్కుల నడుమ విలువలను చేరవేయు ఛానెలును మనమే మూసి మరల వాడబోయినచో ‘క్లోజ్డ్‌రిసోర్స్‌ఎర్రర్’, ఆవలి కొస మూతపడిన పిదప మనము పంపబోయినచో ‘బ్రోకెన్‌రిసోర్స్‌ఎర్రర్’ కలుగును. దోషము ఎవరి వైపుననున్నదో పేరే తెలుపుట ప్రశంసనీయము. ట్రియోలో టాస్కును నిలుపు ‘క్యాన్సిల్డ్’నైతే ప్రోగ్రామరు స్వయముగా సృష్టించుటకు వీలేలేదు.