సంతకం వేరు, సమ్మతి వేరు



‘ఫలానా జబ్బుకు మందు కనిపెట్టారు’ అని సైన్సు పుస్తకంలో ఒక్క వాక్యంలో చదివేస్తాం. ఆ మందును తమ ఒంటిమీద పరీక్షించడానికి ఒప్పుకున్న మనుషులు ఆ వాక్యం వెనుక ఉంటారు. వారిలో చాలామంది రోగులే. వారిని ఎవరు అడిగారు? ఏ భాషలో అడిగారు? ‘వద్దు’ అనే వీలు వారికి నిజంగా ఉందా? ఈ ప్రశ్నలు ముందుగానే అడగడానికి ఒక ఏర్పాటు ఉంది. దాన్ని ఎథిక్స్ కమిటీ అంటారు. మన భాషలో నైతిక సమీక్షా సంఘం అనుకోవచ్చు. దాని అనుమతి లేకుండా రోగుల మీద పరిశోధన మొదలుపెట్టకూడదు.

డాక్టరు మంచివాడైతే చాలదా, ఈ కమిటీ దేనికి అని మీకు సందేహం రావచ్చు. చికిత్స చేసేటప్పుడు డాక్టరు చూసేది ఎదురుగా ఉన్న రోగి మేలు ఒక్కటే. పరిశోధనలో రేపటి రోగులకు పనికొచ్చే జవాబు కోసం కూడా వెతుకుతారు. రెండూ మంచి పనులే కానీ ఒకటి కావు. డాక్టరును దేవుడితో సమానంగా చూసే మన దేశంలో ‘మీరెలా చెబితే అలాగే’ అని తల ఊపేవారే ఎక్కువ. పరిశోధనను కూడా తన చికిత్సలో భాగమే అనుకుని ఒప్పుకునే రోగులుంటారు. అందుకే ఆ పరిశోధనతో సంబంధం లేని మూడో మనిషి కన్ను అవసరమైంది.

ఈ జ్ఞానం ఊరికే రాలేదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో టస్కిగీ అనే ఊరుంది. 1932లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖ సిఫిలిస్ జబ్బున్న సుమారు 400 మంది పేద నల్లజాతి పురుషులను ఒక అధ్యయనంలో చేర్చుకుంది. వారి జబ్బేమిటో వారికి చెప్పలేదు. తర్వాత ఆ జబ్బుకు పెన్సిలిన్ వాడుకలోకి వచ్చినా వారికి ఇవ్వలేదు. ఈ సంగతి పత్రికల్లో వచ్చాక, 1972లో గానీ అది ఆగలేదు. నాజీ శిబిరాల్లో ఖైదీలపై చేసిన ప్రయోగాల విచారణ తర్వాత 1947లో న్యూరెంబర్గ్ నియమావళి, 1964లో ప్రపంచ వైద్య సంఘం హెల్సింకి ప్రకటన వచ్చాయి. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 1980లో తొలి విధాన ప్రకటన చేసింది. ఇప్పుడు వాడుకలో ఉన్న మార్గదర్శకాలు 2017 నాటివి. కొత్త మందుల పరీక్షలకు 2019 నాటి ప్రత్యేక నియమాలు కూడా ఉన్నాయి.

అనుమతి ఎలా తీసుకుంటారో తెలియడానికి ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక ఆసుపత్రిలో డాక్టరుకు ఒక ఆలోచన వచ్చింది. షుగరు రోగులకు రోజూ ఫోనులో గుర్తుచేస్తే మాత్రలు వేళకు వేసుకుంటారా? దాంతో షుగరు అదుపులోకి వస్తుందా? ఇది తేల్చడానికి 200 మంది రోగులు కావాలి. సగం మందికి ఫోన్లు చేస్తారు, సగం మందికి చేయరు. అందరికీ మధ్యమధ్య రక్తపరీక్ష చేస్తారు.

డాక్టరు ముందుగా పరిశోధన ప్రణాళిక రాయాలి. ఎవరిని చేర్చుకుంటారు, ఎవరిని చేర్చుకోరు, ఎంత రక్తం తీస్తారు, ఖర్చు ఎవరిది, రోగుల వివరాలు ఎక్కడ దాస్తారు అన్నీ అందులో ఉండాలి. దానితోపాటు రోగికి ఇచ్చే సమాచార పత్రం, సమ్మతి పత్రం, అడగబోయే ప్రశ్నల జాబితా, పరిశోధకుల అర్హతల వివరాలు కమిటీకి అందజేయాలి.

ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం కమిటీలో 7 నుంచి 15 మంది సభ్యులుంటారు. అధ్యక్షులు ఆ సంస్థకు బయటివారై ఉండాలి. సగం మందైనా బయటివారే ఉండాలి. డాక్టర్లతోపాటు న్యాయం తెలిసినవారు, సమాజశాస్త్రం తెలిసినవారు ఉంటారు. వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్య వ్యక్తికి కూడా అందులో చోటుంది. ‘ఈ వాక్యం నాకే అర్థం కాలేదు, రోగికి ఎలా అర్థమవుతుంది?’ అని అడగగలిగేది ఆ వ్యక్తే. పరిశోధన చేసేవారు కమిటీలో సభ్యులైతే, తమ ప్రణాళిక మీద నిర్ణయం తీసుకునేటప్పుడు గది బయటికి వెళ్లాలి.

మన షుగరు ఉదాహరణలో కమిటీ ఏమడుగుతుంది? ఫోను లేని పేదవారిని వదిలేస్తారా? ఇంట్లో ఇంకొకరు ఫోనెత్తితే రోగి జబ్బు బయటపడదా? పరీక్షలో షుగరు ప్రమాదకరంగా ఉందని తేలితే ఆ రోగికి వెంటనే ఏం చేస్తారు? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. వీటికి సమాధానాలు దొరికాకే కమిటీ లిఖితపూర్వకంగా అనుమతిస్తుంది, లేదంటే మార్పులు అడుగుతుంది, లేదా తిరస్కరిస్తుంది. పాత కేసు కాగితాలు చూసి, పేర్లు తీసేసి చేసే అధ్యయనాలకు సమ్మతి అక్కరలేదని కమిటీ చెప్పవచ్చు. అయితే ఆ మాట చెప్పవలసింది కమిటీయే, పరిశోధకుడు తనంతట తాను అనుకోకూడదు.

అనుమతి వచ్చాక పని అయిపోయినట్టు కాదు. ప్రణాళికలో ఏ మార్పు చేసినా మళ్లీ కమిటీ ముందుకు రావాలి. కొత్త మందు పరీక్షలో ఎవరికైనా తీవ్రమైన హాని జరిగితే 24 గంటల్లో తెలియజేయాలి. అటువంటి పరీక్షలను, మొదటి రోగిని చేర్చుకోకముందే, అందరూ చూడగలిగే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఫలితం నచ్చకపోతే దాచేయకుండా ఉండటానికి ఈ నియమం పనికొస్తుంది.

ఇక మా పాఠానికి దగ్గరైన విషయం భాష. మేము బదిలీ మీద ఏ ఊరు వెళ్లినా, అక్కడి తెలుగు కుటుంబాలవారు ఆసుపత్రి కాగితాలు తెచ్చి, ‘టీచర్ గారూ, ఇందులో ఏముందో కాస్త చదివి చెప్పండి’ అంటుంటారు. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలన్నది నియమం. తెలుగు లిపిలో ఉన్నంత మాత్రాన అర్థమయ్యే తెలుగు అయిపోదు. ‘యాదృచ్ఛికీకరణ పద్ధతిన విభజింపబడుదురు’ అని రాస్తే ఎవరికి తెలుస్తుంది? ‘మీకు ఏ మందు వస్తుందో చీటీలు తీసినట్టు నిర్ణయిస్తాం, డాక్టరు ఎంచుకోరు’ అని రాస్తే మన అమ్మమ్మకు కూడా తెలుస్తుంది. ‘ప్లాసిబో’ అనడం కన్నా ‘మందు లేని, చూడటానికి మందులాగే ఉండే మాత్ర’ అనడం మేలు. అనువాదాన్ని కూడా కమిటీ చూసి ఆమోదించాలి.

ఆ పత్రంలో ఏముండాలి? ఇది పరిశోధన అన్న మాట, దాని ఉద్దేశం, ఎంతకాలం, కలగగల ఇబ్బందులు, లాభాలు, వివరాలు గోప్యంగా ఉంచుతామన్న హామీ, హాని జరిగితే వైద్యం, పరిహారం సంగతి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ‘మీరు ఒప్పుకోకపోయినా, మధ్యలో మానేసినా మీ వైద్యం ఆగదు’ అన్న మాట ఉండాలి. చదవడం రానివారికి పత్రమంతా చదివి వినిపించాలి. పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు ఎదుట ఉండాలి. ఆ తర్వాతే వేలిముద్ర. మౌనం అర్ధాంగీకారం అన్న మాట ఇక్కడ చెల్లదు.

పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. దానితోపాటు మీ మాట కూడా అడగాలి. 7 నుంచి 11 ఏళ్ల పిల్లలు నోటితో ఒప్పుకుంటే తల్లిదండ్రుల ఎదుట దాన్ని నమోదు చేస్తారు. 12 నుంచి 18 ఏళ్లవారి అంగీకారం రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఈ నియమం ఎంత అవసరమో మన తెలుగు నేల మీదే తెలిసింది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా వేశారు. అది ఒక అధ్యయనంలో భాగం. ఆ బాలికలు సుమారు 14,000 మంది. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. కొందరు బాలికల మరణవార్తలు, వాటి మీద ఆందోళనలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణలో తేలింది. కానీ కాగితాలు తీసి చూస్తే వేరే తప్పు బయటపడింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి.

టీకా మంచిదే కావచ్చు, వార్డెన్ కూడా మంచివారే కావచ్చు. అయినా అమ్మానాన్నలను అడగవలసిన ప్రశ్న వారిదాకా వెళ్లలేదు. బడి పెద్ద, హాస్టల్ పెద్ద, ఊరి పెద్ద ఇచ్చే అనుమతి లోపలికి రావడానికి మాత్రమే. ఒక్కొక్కరి సమ్మతికి అది బదులు కాదని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఇప్పుడు స్పష్టంగా చెబుతున్నాయి.

విద్యార్థులారా, మీ నాన్నగారి ఉద్యోగమో, అమ్మగారి ఉద్యోగమో మిమ్మల్ని మూడు నాలుగేళ్లకోసారి కొత్త భాష ఉన్న ఊరికి తీసుకెళ్తుంది. మీలో కొందరు హాస్టళ్లలో ఉంటారు. రక్త నమూనా కావాలని, ప్రశ్నలడగాలని ఎవరైనా మీ దగ్గరికి వస్తే భయపడకండి, కోపగించకండి. పరిశోధనలు లేకపోతే మందులు లేవు. మూడు మాటలు మాత్రం మర్యాదగా అడగండి: ఇది చికిత్సా, పరిశోధనా? దీనికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? మా అమ్మానాన్నలకు తెలిసిన భాషలో కాగితం ఇస్తారా?

పెద్ద తరగతులవారికి ఇంకో మాట. ప్రాజెక్టు కోసం ఇరుగుపొరుగువారి బి.పి., షుగరు వివరాలు రాసుకునేటప్పుడు ముందు మీ టీచరుతో చెప్పండి. ఎందుకో వారికి వివరించి అడగండి. పేర్లు రాయకండి. ఎవరైనా ‘వద్దు బాబూ’ అంటే నమస్కారం పెట్టి పక్కింటికి వెళ్లండి.