వెంచర్‌లో పార్కు జాగా ఎవరిది? అపోహలు – వాస్తవాలు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జూలూరుపాడు లాంటి మండల కేంద్రంలో రోడ్డు పక్క చేను ప్లాట్లుగా మారగానే అందరూ అనే మాట ఒకటుంది: “రోడ్లు, మోరీలు పంచాయతీ వేస్తుందిలే, ఇంటి పన్ను కడతాం కదా!”

అది అపోహ. డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగం) అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లు, మురుగు కాలువలు, నీటి పైపులు, కరెంటు స్తంభాలు వెంచర్ వేసినవారి ఖర్చుతోనే పూర్తి కావాలి. పని మధ్యలో వదిలేసి పోకుండా సాధారణంగా 15 శాతం ప్లాట్లను తనఖా పెట్టించుకుంటారు. పనులు కాకుండానే వాటిని విడిపిస్తే ఊరి చేతిలో ఇక పట్టు ఉండదు. ఆ మోరీల ఖర్చు చివరికి పాత ఊళ్లో పన్ను కట్టేవాళ్ల మీద పడుతుంది. ఇది చిన్న అన్యాయం కాదు.

పార్కు జాగా వెంచర్ ఓనర్‌దన్నదీ అపోహే. విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్‌తో పంచాయతీ పేర రిజిస్టర్ కావాలి. నక్షాలో పచ్చరంగు వేస్తే సరిపోదు. డీడ్ లేని పార్కు రేపు మరో ప్లాటుగా అమ్ముడుపోవచ్చు.

“ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) కడితే అన్నీ సక్రమమే” అనుకునేవారూ ఉన్నారు. 2020 ఆగస్టు 31 నాటి జీవో 131 ప్రకారం, 10 శాతం స్థలం వదలని లేఅవుట్‌లోని ప్లాటుకు దాని విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. అంటే వెంచర్ వేసినవారు ఎగ్గొట్టిన జాగాకు కొనుక్కున్నవారు డబ్బు కడుతున్నారు. పైగా ఇలాంటి గిరిజన ఏజెన్సీ ప్రాంతపు అంచున అన్నిటికన్నా ముందు చూడాల్సింది భూమి షెడ్యూల్డ్ గ్రామంలో ఉందా అన్నది. ఉంటే, భూ బదలాయింపులపై 1970 నాటి 1వ రెగ్యులేషన్ ప్రకారం గిరిజనేతరుల మధ్య అమ్మకం కూడా చెల్లదు.

ఇక ఈ పనులకు సింగరేణి బొగ్గు గనుల డబ్బు ఉంది కదా అనే మాట. ఆ డబ్బు నేరుగా పంచాయతీకి రాదు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన గనుల లీజులపై రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు చేరుతుంది. కేంద్రం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అందులో కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, చదువు లాంటి ప్రాధాన్య రంగాలకే పోవాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆ పనులకు గ్రామసభ ఆమోదం తప్పనిసరి.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటోంది. వచ్చే సభలో కార్యదర్శిని రెండు కాగితాలు చూపించమనండి: పార్కు జాగా గిఫ్ట్ డీడ్, తనఖాలో ఉన్న ప్లాట్ల జాబితా.