భన్వారీ పేరు ఎందుకు చెప్పం?

గత ఏడాది మా కళాశాలలో పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టంపై అవగాహన సదస్సు జరిగింది. అంతర్గత కమిటీ సభ్యురాలిగా నేనే మాట్లాడాను. విశాఖ మార్గదర్శకాలు, 1997, సుప్రీంకోర్టు అని చెప్పుకుంటూ పోతుంటే వెనుక బెంచీలోంచి ఒక విద్యార్థిని లేచి, ‘మేడం, ఆ ఘటన మన విశాఖపట్నంలో జరిగిందా?’ అని అడిగింది. హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గంటసేపు ప్రసంగించి కూడా ఆ చట్టానికి మూలమైన స్త్రీ పేరును నేను ఒక్కసారైనా పలకలేదు.

ఆమె పేరు భన్వారీ దేవి. రాజస్థాన్‌లో జైపూర్ సమీపంలోని భటేరీ గ్రామం. కుమ్మరి కులం. రాష్ట్ర ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో ‘సాథిన్’గా, అంటే స్వల్ప గౌరవ వేతనంపై గ్రామస్థాయి కార్యకర్తగా పనిచేసేది. బాల్యవివాహాలను ఆపడం ఆమె విధుల్లో ఒకటి. 1992లో ఒక గుజ్జర్ కుటుంబంలో పసిబిడ్డ పెళ్లిని అడ్డుకోబోయింది. అందుకు ప్రతీకారంగా అదే ఏడాది సెప్టెంబరులో, పొలంలో, భర్త కళ్లెదుటే ఆమెపై సామూహిక అత్యాచారానికి ఒడిగట్టారు. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచార అభియోగం నుంచి విముక్తం చేసింది. పై కులాల పురుషులు కింది కులం స్త్రీని ముట్టుకుంటారా అన్న ధోరణి ఆ తీర్పులో ఉందంటూ దేశమంతటా నిరసన వెల్లువెత్తింది.

మరోవైపు మహిళా సంఘాలు సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. పిటిషనర్లలో ఒక సంస్థ పేరు విశాఖ. 1997 ఆగస్టులో వెలువడిన తీర్పుకు ఆ పేరే స్థిరపడింది. ఆ తీర్పులో భన్వారీ రాజస్థాన్ గ్రామానికి చెందిన ఒక సామాజిక కార్యకర్త మాత్రమే. బాధితురాలి పేరు చెప్పకపోవడం న్యాయస్థానం పాటించిన మర్యాద కావచ్చు. కానీ ఆమె కులం ప్రస్తావనే లేకపోవడాన్ని ఏమనాలి? పైకులం ఇంటి పెళ్లికి అడ్డు చెప్పిన కింది కులం ఉద్యోగిని కావడమే ఆమె ‘నేరం’. దాన్ని తీసేస్తే మిగిలేది కులం లేని ‘మహిళ’. 2013లో వచ్చిన చట్టం రక్షణ కల్పించింది ప్రధానంగా ఈ కులం లేని మహిళకే.

చట్టాన్ని నిశితంగా చదివితే ఇది తెలుస్తుంది. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అందులో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి. అయితే వారిలో ఎస్సీ, ఎస్టీ, బీసీ మహిళ ఒక్కరైనా ఉండాలన్న నిబంధన లేదు. అసంఘటిత రంగ స్త్రీలు, ఇళ్లలో పనిచేసేవారు ఆశ్రయించవలసిన జిల్లా స్థానిక కమిటీలో మాత్రం ఎస్సీ, ఎస్టీ, బీసీ లేదా మైనారిటీ మహిళ ఒక్కరైనా తప్పక ఉండాలని చట్టమే చెబుతోంది. అంటే కూలిపని చోట కులం ఉంటుందనీ, ఆఫీసులో ఉండదనీ శాసనకర్తల నమ్మకం. విశ్వవిద్యాలయాల్లో, కార్యాలయాల్లో పనిచేసే మాలాంటి వాళ్లం ఈ నమ్మకం ఎంత బూటకమో రోజూ చూస్తూనే ఉన్నాం.

పోనీ, కులాన్ని గుర్తించిన ఆ స్థానిక కమిటీ అయినా పనిచేస్తోందా? ప్రతి జిల్లాలో ఈ చట్టం కింద జిల్లా అధికారిని నియమించాలని 2024 డిసెంబరులో సైతం సుప్రీంకోర్టు గడువు విధించవలసి వచ్చింది. అప్పటికి చట్టం వచ్చి పదకొండేళ్లు.

మా అమ్మ వరంగల్‌లో ఇరవై ఏళ్లు పాచిపని చేసింది. మాదిగవాడలో పుట్టి, తమ్ముళ్లను ఎత్తుకోవడానికి మూడో తరగతిలోనే బడి మానేసింది. ఆ తమ్ముళ్లు చదువుకున్నారు. సదస్సు జరిగిన రోజు సాయంత్రం, ‘నువ్వు గిన్నెలు తోమిన ఇల్లు కూడా చట్టం లెక్కలో పని ప్రదేశమేనమ్మా’ అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: ‘కాయితం ఎవరు రాస్తరు బిడ్డా? రాస్తే తెల్లారి పనిల ఉంచుకుంటరా?’

ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలనీ, రాయలేనివారికి కమిటీయే సాయపడాలనీ చట్టంలో ఉంది. మూడు నెలల గడువూ ఉంది. కానీ ఆ కమిటీ ఏ వీధిలో ఉందో అమ్మకు చెప్పినవారు ఇరవై ఏళ్లలో ఒక్కరూ లేరు. బడి మాన్పించిన అసమానతే పనిచోట నోరు నొక్కింది. చదువు, ఉపాధి అని మనం విడదీసి రాసే రెండు అధ్యాయాలు అమ్మ జీవితంలో ఒకటే. నేను గురుకుల హాస్టల్లో చదివి ఈ కమిటీ కుర్చీ దాకా వచ్చాను. కానీ నా కుర్చీ అమ్మకు పనికి రాలేదు.

చేయవలసినవి పెద్ద విప్లవాలేమీ కావు. స్థానిక కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ప్రతి వార్డు కార్యాలయం, అంగన్‌వాడీ గోడ మీద రాయాలి. మండలానికి, వార్డుకు ఒక నోడల్ అధికారిని నియమించాలన్న నిబంధనను కాగితం మీంచి వీధిలోకి తేవాలి. అంతర్గత కమిటీల్లోనూ దళిత, ఆదివాసీ, బీసీ మహిళల ప్రాతినిధ్యాన్ని చట్టబద్ధం చేయాలి. కుల దూషణ, లైంగిక వేధింపు కలిసి వచ్చినప్పుడు వాటిని విడగొట్టకుండా ఒకే ఫిర్యాదుగా వినడం కమిటీలు నేర్చుకోవాలి.

ఈ ఏడాది సదస్సులోనూ నేనే మాట్లాడాలి. ఈసారి విశాఖతో మొదలుపెట్టను. భటేరీ పొలంతో మొదలుపెడతాను. ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు నేను ఇవ్వవలసిన జవాబు అక్కడే ఉంది.